పాదోదకమును, పట్టణధర్మమును

అష్టావరణములలో గురువు, లింగము, జంగమము అను మూడును పూజ్యములు. విభూతి, రుద్రాక్ష, మంత్రము అను మూడును సాధనములు. పాదోదకము, ప్రసాదము అను రెండును ఫలములు అని పెద్దలు విభజించి చెప్పుదురు. ఆ ఫలములలో మొదటిది నీరు. నదిలోనున్నంతవరకు అది నీరే. గురులింగజంగముల పాదములు సోకినపుడు అది తీర్థమగును. భక్తుడు దానిని అరచేత పట్టి, బొట్టు నేలరాలనీయక, కన్నుల కద్దుకొని గ్రహించును. ఆ బొట్టు కాలిక్రింద పడరాదని ఇంటి ముదుసలులు పసిపిల్లలకు నేర్పుదురు.

పూజామందిరమున బొట్టు నేలరాలినచో కలతచెందు గృహస్థుడు, పెరటి తొట్టి నిండి నీరు వీధిపాలగుచుండగా విని కూడ నిద్రించుచున్నాడు. పూజామందిరములోని నీరు వేరు, పెరటిలోని నీరు వేరు అని అతని తలంపు. ఈ తలంపు సరియైనదా? వేగముగా పెరుగుచున్న ఒక మహానగరము తన్ను పోషించు ప్రకృతిని చెరుపక జీవించుటకు మార్గమేమని నేడు పండితులు, పాలకులు విచారించుచున్నారు. వీరశైవుడు ఆ విచారణను ఈ ప్రశ్నతోనే ఆరంభింపవలెను. దానికి హైదరాబాదు నగరమే తగిన ఉదాహరణము.

నీరు నడచివచ్చిన త్రోవ

హైదరాబాదు నగరమునకు 2004 మొదలు కృష్ణానది నీరు నాగార్జునసాగరమునుండి వచ్చుచున్నది. ఆ నీరు సాగరమును చేరుటకు ముందు నడచిన త్రోవ యెట్టిదో గమనింపవలెను. మహాబలేశ్వరమున పుట్టిన కృష్ణవేణి కర్ణాటకమున కూడలసంగమము కడ మలప్రభను తనలో కలుపుకొనును. బసవేశ్వరుడు బాల్యమున విద్య నభ్యసించినదియు, కల్యాణ విప్లవానంతరము లింగైక్యము చెందినదియు ఆ సంగమముననే. అచట ఐక్యమంటపము నేటికిని నీటి నడుమ కట్టిన బావివంటి గోడల మధ్య రక్షింపబడుచున్నది. అచటినుండి కదలిన నది శ్రీశైలమున పాతాళగంగ యను పేర మల్లికార్జునుని కొండ పాదమును కడుగుచు ప్రవహించును. అక్కమహాదేవి తన చెన్నమల్లికార్జునుని వెదకుచు వచ్చి ఐక్యమైన కదళీవనము ఆ తీరముననే కలదు. పంచపీఠములలో నొకటియైన పండితారాధ్య పీఠము ఆ క్షేత్రముననే కలదు.

ఇక మంజీర నీరు 1965 మొదలు నగరమునకు వచ్చుచున్నది. ఆ నది బసవకల్యాణమున్న బీదరు జిల్లాగుండ ప్రవహించి తెలంగాణమును ప్రవేశించును. అనుభవమంటపము వెలసిన నేలపై కురిసిన వానయును ఆ విధముగ నగరవాసుల కుండలలో చేరుచున్నది.

కావున హైదరాబాదు గృహమున కొళాయి త్రిప్పిన పిల్లవాని దోసిలిలో పడునది సంగమనాథుని సన్నిధిని తాకి, శ్రీశైలేశుని పాదమును కడిగి వచ్చిన నీరు. అది తీర్థము కాదని చెప్పగల భక్తుడెవడు? పూజామందిరమునకొక నీరు, పెరటికొక నీరు లేదు.

ఈ తీర్థము తనంత తాను నడచి రాలేదు. నాగార్జునసాగరము నిండు జలమట్టము సముద్రమట్టమునకు 590 అడుగులు, అనగా సుమారు 180 మీటర్లు. నగరము అయిదువందల మీటర్లకు పైబడిన పీఠభూమిపై నున్నది. వంద కిలోమీటర్లకు పైగా దూరము, మూడువందల మీటర్లకు పైగా ఎత్తు, పంపుల పిమ్మట పంపులతో నెట్టగా ప్రతి బిందెయు ఇల్లు చేరుచున్నది. దాని వెనుక విద్యుత్తు కలదు. ఆ విద్యుత్తులో అధికభాగము వెనుక మండుచున్న బొగ్గు కలదు. 2015 మొదలు గోదావరి జలములును ఇట్లే ఎల్లంపల్లినుండి దూరప్రయాణము చేసి వచ్చుచున్నవి. పూర్వము కావడిలో తీర్థము మోసితెచ్చిన భక్తుని భుజమునకు నమస్కరించిన జాతి నేడు ఈ మోతను మరచినది.

నీరు వెడలిపోవు త్రోవ

నగరమునకు వచ్చిన నీటిలో ఐదింట నాలుగు పాళ్లు వాడుకైన పిదప మురుగుగా మరలునని ఇంజనీర్లు లెక్కింతురు. ఆ మురుగు చేరునది మూసీనది. అనంతగిరి కొండలలో నిర్మలముగా పుట్టిన ఈ నదిని ముచికుందయని పెద్దలు పిలుచుచుండిరి. నగరము ప్రవేశించువరకు అది నది. నగరము దాటునప్పటికి దాని రంగు మారును, వాసన మారును, పైన నురుగు తేలును. 2021లో ప్రభుత్వము 31 నూతన శుద్ధికేంద్రములకు అనుమతి నొసగినది. అప్పటివరకు నగరపు మురుగులో సగమైనను శుద్ధి కాలేదు. ఆ పిదప కొన్ని కేంద్రములు పూర్తియై పనిచేయుచున్నవి. ఇది శుభము. అయినను దశాబ్దములుగా దిగువ గ్రామములు భరించినది సామాన్యము కాదు. ఆ రైతులకు వేరు నీరు లేదు. ఆ నల్లని నీటిలోనే మోకాళ్లవరకు దిగి వరి నాటిరి, పశువులకు గడ్డి పెంచిరి. వారి మంచినీళ్ల బావులు చెడినవి. ఆ గడ్డి మేసిన గేదె పాలు మరల నగరమునకే వచ్చినవి. కర్మఫలము మరుజన్మవరకు వేచియుండునని తలచువారికి ఈ పాలచెంబు చాలిన సమాధానము.

మూసీ అచటితో ఆగదు. సూర్యాపేట ప్రాంతమును దాటి, నల్లగొండ జిల్లాలో వాడపల్లి కడ కృష్ణలో కలియును. ఆ సంగమతీరమున అగస్త్యేశ్వరస్వామి వెలసియున్నాడు. కృష్ణానది కూడలసంగమమున ఒక శివుని దర్శించి, శ్రీశైలమున ఒక శివుని దర్శించి నగరమునకు వచ్చినది. నగరపు వాడుక ముగిసిన పిదప వాడపల్లిలో ఇంకొక శివుని సన్నిధిని చేరినది. గ్రహించునపుడు తీర్థము, సమర్పించునపుడు మలినము. ఇట్టి నైవేద్యమును ఏ భక్తుడైనను తెలిసి పెట్టునా? తెలియకనే పెట్టుచున్నాడు. తెలిసిన నాటినుండి అది దోషము.

తెగిన గొలుసు

హైదరాబాదు నగరము 1591లో వెలసినది. హుసేన్‌సాగరము అంతకంటె పాతది. కుతుబ్‌షాహీల కాలమున 1562 ప్రాంతమున కట్టిరి. ఈ రాతినేలపై చెరువులు ఒంటరిగా ఉండవు. ఎగువ చెరువు నిండి అలుగుపారినచో ఆ నీరు కాలువ వెంట దిగువ చెరువును చేరును. అది నిండి మరొక దానిని నింపును. ఒకటి తాను నిండి, మిగిలినది రెండవదానికిచ్చు ఈ గొలుసు దాసోహమే. శరణులు దాసోహమును కొత్తగా కనిపెట్టలేదు. చెరువులలో జరుగునది మనుష్యులలో జరుగవలెనని బోధించిరి.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమున సుమారు 15,000 మంది ప్రాణములు గోల్పోయిరని అంచనా. అఫ్జల్‌గంజి వద్ద ఒక చింతచెట్టు తన కొమ్మలపై నూటయేబదిమందిని నిలిపి రక్షించినది. ఆ చెట్టు ఇప్పటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో ఉన్నది. పిమ్మట 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. ఆయన సూచనల ననుసరించి 1920లో మూసీపై ఉస్మాన్‌సాగరమును, 1927లో ఈసీపై హిమాయత్‌సాగరమును నిర్మించిరి. వరదను ఆపుటకు కట్టినవి దాహమును తీర్చునవియు నైనవి. వాటి పరీవాహక ప్రాంతమును కాపాడుటకు 1996లో ప్రభుత్వము 111వ ఉత్తర్వు ద్వారా 84 గ్రామములలో పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిరోధించినది. 2022లో ఆ కట్టుబాట్లను తొలగించుచు మరొక ఉత్తర్వు వెలువడినది. ఉత్తర్వులు మారవచ్చును; వాననీరు పల్లమునకే పోవునను ధర్మము మారదు.

1951లో సుమారు 11 లక్షల జనమున్న నగరము, 2011 నాటికి మహానగరపాలక సంస్థ పరిధిలోనే 67 లక్షలు దాటినది. జనము పెరుగుట తప్పు కాదు. పొట్టచేతబట్టుకొని వచ్చినవారిని ఆదరించుట కల్యాణనగరమే నేర్పినది. దూరదేశములనుండి అన్ని కులముల శరణులు అచటికి వచ్చి చేరిరి. తప్పు మరొకచోట కలదు. చెరువుల శిఖము భూములు ఇంటిస్థలములైనవి, కాలువలు గోడలక్రింద పడినవి, గొలుసు తెగినది. 2020 అక్టోబరు మాసమున కుంభవృష్టి కురిసినపుడు పల్లెచెరువు, గుర్రంచెరువు, అప్పచెరువు కట్టలు తెగినవి. నీరు తన పాత త్రోవను వెదకుకొనుచు ఇండ్లలోనికి వచ్చినది. ప్రాణములు పోయినవారిలో అధికులు నిరుపేదలు. స్థలము అమ్మి లాభించినవాడు ఎత్తున నున్నాడు. కొని మోసపోయినవాడు నీట మునిగెను.

లక్కమ్మ తిరిగి పంపిన బియ్యము

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను దంపతుల చరిత్ర వీరశైవ గృహములకు తెలియనిది కాదు. కల్యాణమున శరణుల ముంగిళ్లలో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వండి, జంగమదాసోహము చేసి, శేషమును ప్రసాదముగా గ్రహించుట వారి కాయకము. ఒకనాడు మారయ్య ఎప్పటికంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. ఆనాటి అవసరమునకు మించిన ఆ గింజలను ఎచట తెచ్చెనో అచటనే పోసి రమ్మని భర్తను మరల పంపెను.

లక్కమ్మ దరిద్రురాలే. ధాన్యపు గాదెలున్నవారు నిరాకరించుట ఒక గొప్ప కాదు. రేపటి గింజ లేని ఇల్లాలు నిరాకరించుట గొప్ప. మిగులు తనది కాదని ఆమెకు తెలియును. నగరమునకు కావలసిన శాస్త్రమంతయు ఆ ఒక్క చేష్టలో కలదు. నేడు ఒక ఇంట బోరుబావి వేయి అడుగులు దిగినచో ప్రక్కయింటి బావి ఎండుచున్నది. తన ముంగిట కురిసిన వానను మురుగుకాలువ పాలుచేసి, నూరు మైళ్ల దూరమునుండి నదులను రప్పించుచున్నది నగరము. లక్కమ్మ ఇట్టి నగరమున కాపురముండినచో మారయ్యను ఏ మాటతో పంపియుండెడిది?

ఒక లెక్క చూడదగినది. హైదరాబాదున ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన కురియును. నూరు చదరపు మీటర్ల మేడకప్పుపై పడు వాన ఎనుబదివేల లీటర్లు. పదునైదు లీటర్ల బిందెలతో లెక్కించినచో అయిదువేలకు పైగా బిందెలు. అంతయు పట్టుట సాధ్యము కాదు. సగమైనను ఇంకుడుగుంతలో దించినచో అది భూమికి తిరిగి పోసిన బియ్యము. 2002లో వచ్చిన నీరు, భూమి, వృక్షముల పరిరక్షణ చట్టము దీనినే కోరుచున్నది. చట్టము రాకమునుపే ఎనిమిదివందల యేండ్ల క్రిందట లక్కమ్మ దానిని శాసించెను.

సిద్ధరాముని చెరువు

సొన్నలిగె యని పేరొందిన నేటి షోలాపురమున సిద్ధరామేశ్వరుడు వేలకొలది జనులతో చెరువు త్రవ్వించెను. ఆ చెరువు నేటికిని నిలిచియున్నది. ప్రజలకు నీటివసతి కల్పించుటయే శివపూజయని అతడు నమ్మెను. అట్టి మహాకార్యము జరుగుచుండగా అల్లమప్రభువు అచటికి వచ్చెను; పొగడలేదు. మట్టి త్రవ్వుచున్న ఈ మహనీయుని హృదయమున "నేను కట్టించితిని" అను అభిమానము ఇంకను పాతుకొనియున్నదా యని పరీక్షించెను. ఆ మాటలకు మొదట సిద్ధరాముడు కోపించెను, పిమ్మట మేల్కొనెను. అల్లమునితో కల్యాణమునకు పోయి శరణులలో శరణుడయ్యెను. అంత మాత్రముచేత చెరువు త్రవ్వుట వ్యర్థమని ప్రభువు చెప్పినట్లు గ్రహింపరాదు. త్రవ్వినవాని అహంకారము మాత్రమే వ్యర్థము.

నేడు మొక్కలు నాటు ఉత్సవములు విరివిగా జరుగుచున్నవి. 2015లో మొదలైన హరితహారమువలన నగరమున పచ్చదనము పెరిగినది. 2022లో హైదరాబాదునకు ప్రపంచ హరితనగర పురస్కారము లభించినది. ఇది సంతోషింపదగిన విషయము. అయితే మొక్క నాటిననాడు ఫోటోకు నిలిచిన పదిమందిలో, వేసవిలో దానికి నీరు పోయువాడెవడు? ఆ ఒక్కని పని కాయకము, మిగిలినవారిది ఉత్సవము. అల్లముడు నేడు వచ్చినచో ఆ ఒక్కని చెంతనే ఆగును.

ఒక్క ఇంటివలన ఏమగును?

ఒక్క ఇల్లు మారినంతమాత్రమున మహానగరము మారునా, పన్ను కట్టుచున్నాము గదా, ఇదియంతయు ప్రభుత్వముపని కాదా అని కొందరు ఆక్షేపింతురు. ప్రభుత్వముపని ప్రభుత్వము చేయవలసినదే. శుద్ధికేంద్రము ఒక ఇంటివాడు కట్టజాలడు. అయినను పంచాచారములలో లింగాచారముతో ధర్మము ముగియలేదు. సదాచారము కలదు: న్యాయమైన సంపాదన, న్యాయమైన అనుభవము. చెరువు శిఖములోని స్థలము చౌకగా వచ్చుచున్నదని తెలిసి కొనుట సదాచారభంగమే. దానిపై కట్టిన ఇంట చేసిన లింగపూజ ఆ దోషమును మాపదు. గణాచారము కలదు: సమాజమునకు కీడు జరుగుచుండగా మౌనము వహింపకుండుట. కాలనీలోని కర్మాగారము రాత్రివేళ కాలువలో రసాయనములు వదలుచుండగా చూచి తలుపు మూసికొనువాడు గణాచారమును విడిచినవాడు. భృత్యాచారము కలదు: అందరికంటె తాను చిన్నయను వినయము. వీధి ఊడ్చు కార్మికుని ఏకవచనముతో పిలిచి, గాజుపెంకులు కలిపిన చెత్తను అతని చేతికి అందించువానికి ఆ ఆచారము లేదు.

2024లో ఆక్రమణలను తొలగించుటకు హైడ్రా యను సంస్థ ఏర్పడినది. చెరువు బ్రతుకవలెను, తెలియక కొని తలదాచుకొన్న పేద కుటుంబమును బ్రతుకవలెను. ఒకదానికొరకు రెండవదానిని బలిచేయుట శరణమార్గము కాదు. ఇల్లు కోల్పోయిన పేదకు నీడ దొరకువరకు అండగా నిలుచుట సమాజము చేయదగిన దాసోహము.

గృహమునకును, మఠమునకును

ప్రసాదమును శేషము మిగుల్చక స్వీకరింపవలెనని వీరశైవ నియమము. విస్తరిలో మెతుకు విడువరాదని నేర్చిన సమాజము, వివాహవేళ బండ్లకొలది అన్నమును పారబోయుట ఎట్లు సహించుచున్నది? నగరపు చెత్త జవహర్‌నగరమున కొండగా పేరుకొన్నది. దానినుండి కారిన రసము దాపుననున్న మల్కారం చెరువును చెరిపినది. ఆ కొండలో ప్రతి వివాహమండపపు వాటాయు కలదు. తడిచెత్త, పొడిచెత్త వేరుచేయుట, తడిచెత్తను పెరటిలోనే ఎరువుచేయుట ఇల్లాలికొక్కతెకే అప్పగింపదగిన పని కాదు, ఇంటిల్లిపాది కాయకము.

మఠములు మార్గము చూపదగినవి. దాసోహపు పంక్తులలో ప్లాస్టిక్ పళ్లెములు మాని మోదుగాకు విస్తళ్లు వేయవచ్చును. అడవి ఆకులు కుట్టు పేదకు అది జీవనము. అభిషేకజలమును మురుగుకాలువలో కలియనీయక బిల్వవృక్షము పాదున పారించుట పాదోదకమునకు తగిన మర్యాద. పూడిపోయిన పాతబావిని పూడికతీసి, మఠపు కప్పులపై పడు వానను దానిలోనికి మళ్లించినచో అది నూతన మంటపము కట్టుటకంటె తక్కువ పుణ్యము కాదు.

బసవజయంతి వైశాఖ శుద్ధ తదియనాడు, నడివేసవిలో వచ్చును. ఆనాడు భక్తులు చలివేంద్రములు పెట్టుట మంచి ఆచారము. సాయంకాలమునకు ఆ పందిటిచుట్టు నేలంతయు ప్లాస్టిక్ గ్లాసులతో కప్పబడుట ఆ ఆచారమునకు కళంకము. మట్టికుండ, కడిగి వాడు లోటా చాలును. ఊరేగింపు ముగిసిన మరునాడు ఆ వీధివారే పలుగుపారలతో కాలువ పూడిక తీయుటకు దిగినచో, జ్యేష్ఠమున తొలకరి వచ్చునప్పటికి నీటికి త్రోవ సిద్ధముగా నుండును. కాయకమును బోధించిన మహాత్ముని జయంతికి అంతకుమించిన అలంకారమేమి?

వాడపల్లి అగస్త్యేశ్వరుని గూర్చి స్థలపురాణ మొకటి చెప్పుదురు. బోయవాడు తరిమిన పక్షి ఒకటి స్వామిని శరణుజొచ్చినది. శరణన్న ప్రాణిని విడువలేక, ఆకలిగొన్న బోయను కాదనలేక, స్వామి తన శిరస్సునే చూపి మాంసము తీసికొమ్మనెను. బోయవాని వ్రేళ్లు దిగిన ఆ గాయమును కడుగుటకు గంగ వచ్చెనట. లింగశిరమునగల ఆ గుంటలో నీరు నేటికిని కానవచ్చును. రెండు ప్రాణులను బ్రతికించుటకు గాయపడిన స్వామి పాదములచెంతకు, గాయమును కడుగ వచ్చిన గంగ ఒకవైపు. నగరము పంపు మూసీ ఒకవైపు. కొళాయి త్రిప్పునపుడెల్ల భక్తుడు ఈ దృశ్యమును స్మరింపవలెను. తన చేతినుండి జారిన నీరు ఎన్నాళ్లకైనను ఆ పాదములను చేరును. తీర్థముగా వచ్చిన దానిని తీర్థముగానే సాగనంపుట నగరవాసుని నిత్యలింగార్చన.